పొయ్యి మీద పెట్టకుండా ఉండ ఎలా గట్టిపడుతుంది?

తొలకరి వాన పడగానే వజ్రకరూరు చేలల్లో రెండు రకాల మనుషులు కనబడతారు. మెరిసే రాయి ఒక్కటైనా దొరక్కపోతుందా అని నేల వైపు వంగి నడిచేవాళ్లు కొందరు. ఆ తడి ఆరిపోకముందే విత్తనం వేయాలని తొందరపడే రైతులు మరికొందరు. ఇక్కడి నేలలో కింబర్లైట్ అనే శిల గొట్టంలాగా లోతుల్లోంచి పైకి పొడుచుకు వచ్చింది. భూగర్భంలో పుట్టిన వజ్రాలను మోసుకొచ్చింది అదే. కానీ వజ్రం దొరికేది ఎప్పుడో, ఎవరో ఒకరికి. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే ఈ మెట్ట మీద జనాన్ని చాలాకాలం నిలబెట్టినది వేరుశనగ. ఒకప్పుడు ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడెనిమిది లక్షల హెక్టార్లలో వేసేవారు. ఇప్పుడు ఆ విస్తీర్ణం బాగా తగ్గింది. అయినా సంక్రాంతి సెలవుల్లో శెనక్కాయ ఉండ లేని ఇల్లు మా వైపు తక్కువే.

ఈ ఉండలో ఒక విశేషం ఉంది. లడ్డూకు పాకం పట్టాలి, బూందీ దూయాలి. మైసూరుపాకుకు పొయ్యి దగ్గర నిలబడి నెయ్యి పోస్తూ కలుపుతూనే ఉండాలి. దీనికి పాకం లేదు, నెయ్యి లేదు, ఓవెన్ లేదు. గింజలు ముందే వేయించి పెట్టుకుంటే ఉండ కట్టడానికి మంటతో పనే లేదు. నాగుల చవితికి చేసే చిమ్మిలి కూడా ఈ జాతిదే. నువ్వులు, బెల్లం రోట్లో వేసి దంచుతారు, ఉండ కడతారు, అంతే. అతికించే పదార్థం ఏదీ విడిగా కలపలేదే, మరి ఈ పిండి ముద్దగా ఎలా నిలుస్తోంది?

యూరపులోనూ, అమెరికాలోనూ డిసెంబరు సెలవుల్లో పిల్లలూ పెద్దలూ కలిసి ఇలాంటి ఉండలే చేస్తారు. వాటిని ట్రఫుల్ అంటారు. నేలలో పెరిగే ఒక రకం పుట్టగొడుగు పేరు అది. ఆకారం అలాగే ఉంటుందని ఈ మిఠాయికీ ఆ పేరే పెట్టారు. (నేలలో కాసేది నిజానికి మన కాయ! పువ్వు నేల మీద పూసినా, ఊడ మట్టిలోకి దిగి అక్కడ కాయ అవుతుంది.) ట్రఫుల్‌ను చాక్లెట్టూ మీగడా కలిపి చేస్తారు. అందులో అన్నిటినీ పట్టి ఉంచేది కోకో గింజల్లోని క్రొవ్వు. ఆ క్రొవ్వు సుమారు 34 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర కరుగుతుంది. మన శరీరపు వేడి 37 డిగ్రీలు కనుక ట్రఫుల్ నోట్లో వేసుకోగానే కరిగిపోతుంది. దాని గొప్ప అదే. కానీ అదే ట్రఫుల్‌ను ఏప్రిల్ నెలలో ఉరవకొండ బస్టాండులో చేతికిస్తే కాగితానికి అంటుకున్న గోధుమరంగు మరక మాత్రమే మిగులుతుంది. కోకో మన గోదావరి జిల్లాల కొబ్బరి తోటల్లో బాగా పండుతుంది, దేశంలో ఎక్కువ పండించే రాష్ట్రం మనదే. అయినా ఈ ఎండకు తగిన మిఠాయి మాత్రం శెనక్కాయ ఉండేనని నా అభిప్రాయం. ఎందుకో చూద్దాం.

నూనె ఎక్కడ దాక్కుంది?

ముందుగా కొలతలు. వేయించి, పొట్టు తీసిన గింజలు 250 గ్రాములు, బెల్లం 150 గ్రాములు, రెండు యాలకులు, చిటికెడు ఉప్పు. మొత్తం 400 గ్రాములు, అంటే 20 గ్రాముల ఉండలు 20 వస్తాయి. వేరుశనగ గింజలో దాదాపు సగం బరువు నూనే. ఆ లెక్కన మన 400 గ్రాముల ముద్దలో 120 గ్రాములకు పైగా నూనె ఉంది. అది గ్లాసులో పోస్తే సగానికి పైనే వస్తుంది. అంత నూనె ఉన్నా గింజను వేళ్ల మధ్య పట్టుకుంటే తడి తగలదు. కారణం ఏమిటి?

గింజలోని ప్రతి కణంలోనూ నూనె సన్నని బిందువులుగా విడిపోయి ఉంటుంది. ఒక్కొక్క బిందువు వ్యాసం ఒకటి రెండు మైక్రాన్లు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. మీ తలవెంట్రుక మందంలో ఇటువంటి బిందువులు కొన్ని పదులు వరసగా పడతాయి. ప్రతి బిందువు చుట్టూ మాంసకృత్తులతో కూడిన పలుచని పొర ఉంటుంది. అందువల్ల అవి ఒకదానిలో ఒకటి కలిసిపోవు. ఈ బిందువులన్నిటినీ కలిపి కణకవచం మూసి పెడుతుంది. మొక్క తన బిడ్డ కోసం దాచిన చద్దిమూట అది. మొలక పైకి వచ్చి, ఆకులు విప్పి, స్వయంగా ఆహారం తయారు చేసుకునేదాకా తినవలసింది అదే.

గింజను వేయించినప్పుడు తేమ పోతుంది. నిల్వ ఉంచిన గింజలో నూటికి ఏడు ఎనిమిది పాళ్లు ఉండే తేమ ఒకటి రెండుకు దిగుతుంది. కణాలు పెళుసుబారతాయి. చక్కెరలూ మాంసకృత్తుల భాగాలూ వేడికి కలిసి ఆ గోధుమరంగునూ కమ్మని వాసననూ ఇస్తాయి. ఇక రోకటి దెబ్బ పడగానే కణకవచాలు పగులుతాయి, బిందువులు చిట్లి ఒకదానిలో ఒకటి కలుస్తాయి. పొడిపొడిగా ఉన్నది క్రమంగా మెరుపు దేరుతుంది. దంచేకొద్దీ నూనె పెరుగుతున్నట్లు కనిపిస్తుంది కానీ పెరిగేదేమీ లేదు, లోపల ఉన్నది బయటికి వస్తోందన్నమాట.

ఎంత దంచాలి అనేదే అసలు నేర్పు. తక్కువ దంచితే పలుకులు ఒకదానికొకటి పట్టవు, నోట్లో పెట్టుకోకముందే ఉండ రాలిపోతుంది. మరీ దంచితే పలుకుల మధ్య ఖాళీలన్నీ నూనెతో నిండి, పలుకులు నూనెలో తేలే స్థితి వస్తుంది. అప్పుడది రొట్టె మీద పూసుకునే వేరుశనగ వెన్న అవుతుంది తప్ప ఉండ కాదు. మిక్సీలో ఈ ప్రమాదం ఎక్కువ. బ్లేడు నిమిషానికి వేల చుట్లు తిరుగుతుంది, రాపిడికి వేడి పుడుతుంది, వేడికి నూనె పలుచబడుతుంది, మీరు మూత తీసేలోపు ముద్దయిపోతుంది. అందుచేత మిక్సీ వాడేవాళ్లు రెండు మూడు సెకన్లు తిప్పి ఆపుతూ, మధ్యలో గరిటెతో కలుపుతూ చేయాలి. పెద్ద పలుకులు రవ్వంతగా, మిగిలినది పిండిలాగా ఉంటే సరిపోతుంది. రోలు ఉన్న ఇంట్లో ఈ జాగ్రత్తలు అక్కర్లేదు. రోకలి నెమ్మది మనిషి.

పిచ్చుక గూళ్లూ బెల్లమూ

నూనె ఒక్కటే చాలదు. బెల్లం వేయకుండా దంచిన పొడిని పిడికిట్లో పట్టి నొక్కి చూడండి. ముద్ద కడుతుంది, కానీ వేలితో తాకితే విరిగిపోతుంది. ఇప్పుడు బెల్లం బదులు చక్కెర కలిపి చూడండి. ఇంకా అధ్వాన్నం. బెల్లం కలిపితేనే నిలుస్తుంది. చక్కెరా బెల్లమూ రెండూ చెరకు రసం నుంచే కదా, మరి ఈ తేడా ఎందుకు?

వంక ఇసుకలో మీరు పిచ్చుక గూళ్లు కట్టే ఉంటారు. ఎండు ఇసుకతో గూడు నిలవదు. నీళ్లలో మునిగిన ఇసుకతోనూ నిలవదు. కొద్దిగా తడిసిన ఇసుకతోనే నిలుస్తుంది. రెండు రేణువుల మధ్య నీరు సన్నని వంతెనలాగా ఏర్పడి, తలతన్యత వల్ల రెండిటినీ దగ్గరకు లాగుతుంది. ఉండలో జరిగేదీ ఇటువంటిదే. అయితే ఇక్కడ వంతెన కట్టేది నీళ్లలాంటి పలుచని ద్రవం కాదు, జిగట ద్రవం.

మిల్లులో చక్కెర తయారు చేసేటప్పుడు స్ఫటికాలను వేరు చేసి, వాటిని అంటి ఉన్న మడ్డిని తొలగిస్తారు. కాబట్టి చక్కెర పలుకు పొడిగా, గట్టిగా ఉంటుంది. బెల్లంలో ఆ మడ్డి అలాగే ఉంటుంది. చెరకు రసం పెనంలో మరిగేటప్పుడు సుక్రోజులో కొంత భాగం విడిపోయి గ్లూకోజు, ఫ్రక్టోజు అనే రెండు చక్కెరలుగా మారుతుంది. ఇవి తొందరగా స్ఫటికం కావు. పైగా గాలిలోని తేమను పీల్చుకుంటాయి. అందుకే బెల్లం దిమ్మెలో సన్నని స్ఫటికాల చుట్టూ చిక్కని పాకం పొర ఎప్పుడూ ఉంటుంది. బెల్లాన్ని తయారు చేసినవాడు పాకం పట్టే పని మన బదులు ముందే చేసి పెట్టాడు. మనం చేసేదల్లా ఆ పొరను పలుకుల మధ్యకు నొక్కడం.

నొక్కినప్పుడు అరచేతి వేడి కూడా పనికి వస్తుంది. పాకం వేడికి మెత్తబడి పలుకుల సందుల్లోకి పాకుతుంది, చల్లారాక బిగుసుకుంటుంది. సంక్రాంతి నాటి చలి పొద్దున ముద్ద మొరాయిస్తే, గిన్నెను పది నిమిషాలు ఎండలో పెట్టండి. ట్రఫుల్ చేసేవాళ్లది సరిగ్గా దీనికి వ్యతిరేకమైన బాధ. చేతి వేడికి చాక్లెట్టు కరిగిపోతుందని వాళ్లు చేతులు చల్లటి నీళ్లలో ముంచి తుడుచుకుంటూ ఉంటారు. వాళ్ల ఉండలో క్రొవ్వే సిమెంటు. మన ఉండలో నూనె మామూలు వేడికి ఎప్పుడూ ద్రవమే, సిమెంటు పని బెల్లానిది. నూనె చేసేది బెల్లం రాయిలాగా గడ్డకట్టకుండా, కొరికితే విరిగేంత మెత్తగా ఉంచడం. ఎండ 40 డిగ్రీలు దాటినా మన ఉండ కారిపోకపోవడానికి కారణం ఇదే.

ముద్ద పట్టడం లేదని కొందరు పాలు చిలకరిస్తారు. ఆ పని చేయవద్దు. ఉండ వారాల తరబడి చెడకుండా ఉండేది అందులో నీరు లేకపోవడం వల్ల. ఉన్న కాస్త తేమనూ బెల్లం గట్టిగా పట్టుకుని ఉంటుంది కనుక సూక్ష్మజీవులకు తాగడానికి చుక్క దొరకదు. పాలు పోస్తే వాటికి నీరూ ఆహారమూ మీరే పెట్టినట్లు. రెండు మూడు రోజుల్లో బూజు వస్తుంది. మరీ పట్టకపోతే మరికాస్త దంచండి, లేదా ఒక చెంచా నెయ్యి వేయండి.

బెల్లం కొనేటప్పుడు పచ్చగా మెరిసేదే మంచిదనుకోకండి. రంగు తేలడానికి హైడ్రోస్ అనే రసాయనం కలిపే అలవాటు కొన్నిచోట్ల ఉంది. ముదురు రంగు బెల్లమే మేలు, జిగురు కూడా దానికే ఎక్కువ.

చేటలో జరిగే పని

ఇంతవరకు చెప్పినది ఉండ కట్టే పద్ధతి. దీనికంటే ముందు ఒక పని ఉంది. అవ్వలు చేట ముందు పెట్టుకుని అరగంట సేపు గింజలు ఏరుతూ కూర్చుంటారు చూడండి, అది. పిల్లలకు విసుగు పుట్టించే పని అదే. నన్నడిగితే మొత్తం తయారీలో అన్నిటికంటే ముఖ్యమైనదీ అదే.

1960లో ఇంగ్లండులో టర్కీ కోళ్ల పిల్లలు లక్షకు పైగా చచ్చిపోయాయి. ఏ రోగమో మొదట ఎవరికీ అంతుబట్టలేదు. చివరికి వాటి మేతలో కలిపిన వేరుశనగ పిండి దగ్గర దొంగ దొరికాడు. ఆ పిండి బ్రెజిల్ నుంచి వచ్చింది. దానికి ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు పట్టి ఉంది. బూజు తయారు చేసిన విషానికి ఆ బూజు పేరులోని అక్షరాలతోనే అఫ్లాటాక్సిన్ అని పేరు పెట్టారు. అతినీలలోహిత కాంతిలో ఈ విషాలు కొన్ని నీలంగా, కొన్ని ఆకుపచ్చగా వెలుగుతాయి. ఆ రంగుల ఇంగ్లీషు పేర్లలోని మొదటి అక్షరాలతో వాటిని బి, జి అని విడదీశారు. వీటిలో బి1 అనేది అన్నిటికంటే ప్రమాదకరమైనది. అది కాలేయాన్ని దెబ్బతీస్తుంది. ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా తిన్నా కాలేయంలో కాన్సరు రావచ్చు.

ఇది కోళ్ల సంగతే అనుకోవద్దు. 1974 చివర గుజరాత్, రాజస్థాన్‌లలోని గిరిజన గ్రామాల్లో కామెర్లతో జనం పడిపోయారు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు వెళ్లి పరిశీలించారు. అక్కడ నమోదైన రోగులు 397 మంది, వారిలో 106 మంది చనిపోయారు. కారణం, అకాల వర్షాలకు తడిసి బూజు పట్టిన మొక్కజొన్న. వాళ్లకు తినడానికి వేరే గింజ లేదు.

మన మెట్టకు ఈ బూజుతో సంబంధం ఏమిటంటారా? ఈ శిలీంధ్రం మట్టిలోనే ఉంటుంది. మొక్క ఏపుగా, నేల తడిగా ఉన్నంతవరకు కాయ తన రక్షణ పదార్థాలతో దాన్ని ఎదుర్కొంటుంది. కాయ ముదిరే చివరి నాలుగైదు వారాల్లో వాన ముఖం చాటేస్తే నేల వేడెక్కుతుంది, కాయలో తేమ తగ్గుతుంది, రక్షణ పదార్థాలు తయారు కావు. బూజుకు కావలసినది సరిగ్గా అటువంటి సమయమే. అంటే కరువు పంట దిగుబడిని తగ్గించడంతో ఆగదు, మిగిలిన పంటలో విషం కూడా పెట్టగలదు. పీకిన తరువాత కుప్పల మీద వాన పడినా, సరిగా ఎండకుండానే బస్తాలకెత్తినా, ఒలిచేటప్పుడు పప్పు విరగకుండా కాయల మీద నీళ్లు చల్లినా ఇదే ప్రమాదం. కాయను చెవి దగ్గర ఊపితే గలగలమనేదాకా ఎండబెట్టాలని పెద్దవాళ్లు చెప్పే మాట శాస్త్రానికి సరిపోతుంది. గింజలో తేమ నూటికి ఏడెనిమిది పాళ్లకు దిగితే బూజు పెరగదు. హైదరాబాదు దగ్గర పటాన్‌చెరులో 1972లో ఏర్పడిన ఇక్రిశాట్ సంస్థ ఈ సమస్య మీద ఏళ్ల తరబడి పరిశోధన చేస్తోంది.

వేయిస్తే విషం పోదా అని మీలో కొందరు అడగవచ్చు. మంచి ప్రశ్నే. బూజు చస్తుంది, విషం పూర్తిగా పోదు. బి1 కరిగే ఉష్ణోగ్రతే 260 డిగ్రీలు దాటుతుంది. మన బాణలిలో గింజలు మాడకుండా అంత వేడి చేయలేం. వేయిస్తే కొంత భాగం నశిస్తుందంతే. ఇక పరిమాణం సంగతి. పొట్టు తీసి ఇంకా శుద్ధి చేయవలసిన వేరుశనగలో కిలోకు 15 మైక్రోగ్రాములు మించరాదని అంతర్జాతీయ ప్రమాణం. మైక్రోగ్రామంటే గ్రాములో పది లక్షలవ వంతు. నూరు కోట్ల పాళ్లలో 15 పాళ్లన్నమాట! ఇంత కొంచెం అయితే మనం ఎలా తప్పించుకోగలం?

ఇక్కడే చేట మనకు సాయం వస్తుంది. విషం గింజలన్నిటిలో సమానంగా పరుచుకుని ఉండదు. వేల గింజల్లో ఏ కొద్దిపాటి గింజలలోనో పోగుపడి ఉంటుంది. ఆ గింజలు చాలావరకు ముడుచుకుపోయో, రంగు మారో, విరిగో, పురుగు తొలిచో, మొలకెత్తో, పసుపు ఆకుపచ్చ బూజు కనబడుతూనో ఉంటాయి. వాటిని ఏరి పారేస్తే విషంలో ఎక్కువ భాగం పోతుంది. పూర్తిగా పోయిందని కంటితో చెప్పలేము, దానికి ప్రయోగశాలలో పరీక్షించాల్సిందే. కానీ ఇంట్లో చేయగలిగిన వాటిలో దీన్ని మించినది లేదు. మొదట పచ్చి గింజలు ఏరండి. వేయించి పొట్టు తీశాక మళ్లీ ఏరండి, పొట్టు కింద నల్లబడినవి అప్పుడు బయటపడతాయి. తినేటప్పుడు చేదు తగిలితే మింగకుండా ఉమ్మేయండి.

ఏరిన గింజల్ని ఏం చేస్తారు? సాధారణంగా బర్రెకో కోడికో వేస్తారు. అది సరికాదు. ఆవు గాని బర్రె గాని ఈ విషాన్ని తింటే అందులో కొంత రూపం మారి పాలలోకి వస్తుంది. అంటే మనం ముందు తలుపు గుండా పంపినది దొడ్డి తలుపు గుండా తిరిగి ఇంట్లోకి వస్తుంది. పాడైన కాయల్ని గానుగాడించినా విషంలో ఎక్కువ భాగం చెక్కలోనే మిగులుతుంది, ఆ చెక్క మళ్లీ పశువుకే పెడతాం. కాబట్టి ఏరిన గుప్పెడు గింజల్ని కాల్చడమో, పశువులకు అందకుండా లోతుగా పూడ్చడమో మంచిది.

కట్టడం, దాచడం

మిగిలిన పని సులువే. గింజలు దంచి తీసి, బెల్లం తురిమి రోట్లో వేసి గడ్డలు లేకుండా నలిపి, రెండూ కలిపి యాలకుల పొడి, ఉప్పు వేసి మరో నాలుగు పోట్లు వేయండి. పిడికిట్లో నొక్కితే వేళ్ల గుర్తులు పడి నిలవాలి. అప్పుడు నిమ్మకాయంత తీసుకుని ముందు గట్టిగా నొక్కి, ఆ తరువాతే గుండ్రంగా దొర్లించండి. చాలామంది నొక్కకుండానే దొర్లిస్తారు. అటువంటి ఉండ పైకి నున్నగా ఉండి లోపల గుల్లగా ఉంటుంది.

గుండ్రంగానే ఎందుకు అంటే, అందంతో పాటు ఒక లెక్క కూడా ఉంది. మన ఉండ ఘనపరిమాణం సుమారు 16 ఘన సెంటీమీటర్లు అనుకుందాం. గోళమైతే ఉపరితలం దాదాపు 31 చదరపు సెంటీమీటర్లు. అంతే ముద్దను ఘనాకారంలో కోస్తే 38. గాలి తగిలే చోటు గోళానికే తక్కువ. శెనగ నూనెతో గాలిలోని ప్రాణవాయువు కలిసినకొద్దీ పాత నూనె వాసన వస్తుంది. పొడి చేసిన గింజలో నూనె బయటపడి ఉంటుంది కనుక ఇది ఇంకా తొందరగా జరుగుతుంది. బిగుతు మూత ఉన్న డబ్బాలో, పొయ్యికి దూరంగా, వెలుతురు పడనిచోట పెట్టండి. రెండు మూడు వారాలు కమ్మగా ఉంటాయి, అన్ని రోజులు మిగిలితే!

ఒక్కొక్క ఉండలో సుమారు 100 కాలరీల శక్తి, 3 గ్రాముల మాంసకృత్తులు, 6 గ్రాముల నూనె ఉంటాయి. స్నేహితులకు పంచేముందు ఎవరికైనా వేరుశనగ పడదేమో అడగండి. మన దేశంలో తక్కువే గాని, కొందరికి ఒక్క గింజ తిన్నా ఒళ్లు దద్దురెక్కి ఊపిరాడని స్థితి వస్తుంది. మూడు నాలుగేళ్ల లోపు పిల్లలకు పలుకులు లేకుండా మెత్తగా దంచినదే పెట్టాలి.

తరగతిలో చేయదలిస్తే ఒక చిన్న ప్రయోగం చెబుతాను. ఒకే కొలతలతో మూడు రకాలుగా దంచండి: బరకగా, మధ్యస్థంగా, మెత్తగా. ఒక్కొక్క రకానికి అయిదు ఉండలు కట్టి, అన్నిటినీ మీ నడుము ఎత్తు నుంచి పరిచిన శుభ్రమైన కాగితం మీదికి వదలండి. ఎన్ని పగిలాయో పట్టిక వేయండి. తరువాత ఆ కాగితాన్ని కిటికీకి ఎదురుగా పట్టి చూడండి. నూనె అంటినచోట వెలుతురు అవతలి నుంచి కనిపిస్తుంది. కాగితపు పోగుల మధ్య ఖాళీల్లో గాలి ఉన్నంతవరకు కాంతి అటూ ఇటూ చెదిరిపోతుంది, నూనె ఆ ఖాళీలను నింపితే నేరుగా దాటిపోతుంది. మూడు రకాల మరకలలో ఏది పెద్దది? గళ్ల కాగితం మీద గళ్లు లెక్కపెట్టి కొలవవచ్చు. పగిలిన ఉండల లెక్కకూ, మరక వైశాల్యానికీ సంబంధం ఉందేమో పట్టికలో చూడండి. నువ్వులతో చేస్తే ఆ సంబంధం మారుతుందా? చిమ్మిలి ఉండలతోనూ ఒకసారి చేయండి. ఏరి, కడిగి, పూర్తిగా ఎండబెట్టిన నువ్వులైతేనే లెక్క సరిగా వస్తుంది.